చుక్క ఫైళ్ళూ, నాలుగిళ్ళ కాపురమూ

కన్సల్టెంట్ల బతుకులో ప్రాజెక్టు మారినప్పుడల్లా మారేది క్లయింటు ఒక్కటే కాదు, ఒళ్ళో లాప్‌టాప్ కూడా మారుతుంది. ఒకళ్ళు మాక్ ఇస్తారు. ఇంకొకళ్ళు విండోస్ చేతిలో పెట్టి "లైనక్స్ కావాలంటే లోపల డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకో" అంటారు. సర్వర్లు రెడ్‌హ్యాటో ఉబుంటువో అయి ఉంటాయి, కంటెయినర్లలోకి దూరితే ఆల్పైన్. ఇక ఇంట్లో, పిల్లల హోంవర్కుకి పనికిరాదని పక్కన పడేసిన డబ్బా మీద మనకి నచ్చినదేదో. ఇన్నిచోట్ల కాపురం చేసేవాడికి ఒక కోరిక పుట్టడం సహజం: నా షెల్ సెట్టింగులన్నీ ఒక్కచోట పెట్టుకుని, ఏ సిస్టం ముందు కూర్చున్నా వాటినే తెచ్చి పరుచుకుంటే ఎంత హాయి!

ఆ కోరికని తప్పుపట్టను, నాకూ ఉంది. నా గొడవంతా "అన్నీ" అన్న మాటతోనే. షెల్ సెట్టింగుల్లో సగానికి సగం అసలు పంచుకోకూడనివని నా అభిప్రాయం. పంచుకుంటే మనకి సుఖంగానే ఉంటుంది, ఇబ్బంది పడేది మనతో పనిచేసేవాళ్ళు. ఈ రెండో ముక్క ఎవరూ ఎత్తరు కాబట్టి ఇంత రాస్తున్నాను.

ఈ వ్యవహారంతో పరిచయం లేనివాళ్ళ కోసం రెండు మాటలు. టెర్మినల్ తెరవగానే షెల్ కొన్ని ఫైళ్ళు చదువుకుని, అందులో రాసినట్టు తయారై కూర్చుంటుంది. ఆ ఫైళ్ళ పేర్లు చుక్కతో మొదలవుతాయి, అందుకే వాటిని డాట్‌ఫైల్స్ అంటారు. నేను చుక్క ఫైళ్ళనే అంటాను. బాష్‌ఆర్‌సీ, జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ లాంటి పేర్ల చివర ఉన్న ఆర్‌సీ 1960ల నాటి అవశేషం: ఎమ్‌ఐటీలో సీటీఎస్‌ఎస్ అనే సిస్టం మీద లూయీ పూజాన్ రాసిన రన్‌కామ్ అన్న ప్రోగ్రాం పేరులోంచి వచ్చింది. ముందున్న చుక్క కథ ఇంకా తమాషా. ఫైళ్ళ జాబితాలో "ఈ డైరెక్టరీ", "పై డైరెక్టరీ" అని అర్థం వచ్చే ఒంటి చుక్క, జంట చుక్క కనబడకుండా చేద్దామని తొలినాళ్ళ యునిక్స్‌లో ఎవరో పేరులో మొదటి అక్షరం చుక్కా కాదా అని మాత్రమే చూసి వదిలేశారట. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ కనబడకుండా పోయింది. అదొక పొరపాటని, ముందుగా అనుకుని చేసింది కాదని రాబ్ పైక్ 2012లో రాశాడు. మన హోం డైరెక్టరీలో పేరుకుపోయిన చెత్తంతా ఆ ఒక్క లైను పుణ్యమే.

సరే, అసలు విషయానికొద్దాం.

పంచుకోవడానికి సాధనాలకేం కొదవ లేదు. గిట్‌లో పెట్టుకునేవాళ్ళు, గ్నూ స్టో తో లింకులు వేసేవాళ్ళు, షెమ్వా అనే దాన్ని పట్టుకునేవాళ్ళు, ఎవరి మతం వాళ్ళది. ఇవన్నీ మంచి పనివాళ్ళే. కానీ ఇవి ప్యాకర్లూ మూవర్లూ లాంటివి. పెట్టెలో ఏం పెడితే అది భద్రంగా దించుతాయి తప్ప, ఏం పెట్టాలో చెప్పవు.

మనలో మొదటిసారి అమెరికా వచ్చినవాళ్ళకి ఈ సంగతి ఇంకోలా తెలుసు. సూట్‌కేసులో ఇడ్లీ రేకులూ తెచ్చుకుంటాం, మిక్సీ కూడా తెచ్చుకుంటాం. ఇడ్లీ రేకులకి ఏ దేశమైనా ఒకటే, కింద మంట ఉంటే చాలు. మిక్సీ అలా కాదు, అది గోడలోంచి వచ్చే కరెంటుని నమ్ముకుని పుట్టింది. అక్కడ 230 వోల్టులు, ఇక్కడ 120. మూడు కిలోల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి కొని, దాన్ని మిక్సీ పక్కన కూర్చోబెట్టి, చట్నీ చేసిన ప్రతిసారీ ఆ రెండింటినీ బుజ్జగిస్తూ బతికిన కుటుంబాలు నాకు తెలుసు. షెల్ సెట్టింగుల్లో కూడా ఇడ్లీ రేకుల రకం, మిక్సీ రకం అని రెండున్నాయి. ప్రాంప్ట్ ఎలా కనబడాలి, హిస్టరీలో ఎన్ని లైన్లు దాచాలి, ఏ ఎడిటర్ తెరుచుకోవాలి, ఇవి రేకులు. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, ఏ కమాండుకి ఏ గుర్తు పెడితే ఏం చేస్తుంది, ఇవి మిక్సీలు.

మిక్సీల జోలికి పోకముందే, ఏ ఫైలు ఎప్పుడు చదువుతారన్నదే పెద్ద పితలాటకం. బాష్‌లో లాగిన్ షెల్ అయితే బాష్_ప్రొఫైల్, అది లేకపోతే బాష్_లాగిన్, అదీ లేకపోతే ప్రొఫైల్, మొదట దొరికినదాన్ని చదివి ఆగిపోతుంది. లాగిన్ కాని షెల్ అయితే బాష్‌ఆర్‌సీ. లైనక్స్‌లో టెర్మినల్ కిటికీ తెరిస్తే మామూలుగా వచ్చేది లాగిన్ కాని షెల్. మాక్‌లో టెర్మినల్ ప్రతి కిటికీనీ లాగిన్ షెల్‌గానే తెరుస్తుంది. అంటే అక్కడ పనిచేసిన బాష్‌ఆర్‌సీని ఇక్కడికి తెస్తే అసలు ఎవరూ చదవరు. దానికి మందుగా బాష్_ప్రొఫైల్‌లోంచి బాష్‌ఆర్‌సీని పిలుస్తాం, అక్కడితో బాగుపడిందనుకుంటాం. ఈలోపు 2019లో కాటలీనాతో ఆపిల్ కొత్త ఖాతాలకి బాష్ బదులు జెడ్‌షెల్ ఇవ్వడం మొదలెట్టింది. జెడ్‌షెల్ ఈ ఫైళ్ళ వంక చూడదు, దానివి దానికున్నాయి. మాక్‌లో మిగిలిన బాష్ ఏమో 3.2, అంటే 2006 నాటి సరుకు. 2009లో వచ్చిన 4.0 నుంచి బాష్ లైసెన్సు జీపీఎల్ మూడో రూపానికి మారింది, ఆపిల్ పాతదాని దగ్గరే ఆగిపోయింది. కాబట్టి లైనక్స్‌లో ముచ్చటగా అసోసియేటివ్ అర్రేలు వాడి రాసుకున్న ఫంక్షన్ మాక్ బాష్‌లో నోరు తెరుస్తుంది.

ఇంకో చిత్రం చూడండి. మాక్ జెడ్‌షెల్‌లో, అన్నిటికన్నా ముందు చదివే జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్‌లో పాత్ పెట్టుకున్నామనుకోండి. లాగిన్ షెల్ అయితే ఆ తర్వాత సిస్టం వాళ్ళ జెడ్‌ప్రొఫైల్ పాత్_హెల్పర్ అనేదాన్ని పిలుస్తుంది, అది సిస్టం డైరెక్టరీలని ముందుకి తోసి మనవాటిని వెనక్కి నెట్టేస్తుంది. కోటలో మనవాళ్ళే ఉన్నారు, కానీ క్యూలో చివర. ఎర్రరేమీ రాదు. మనం వేయించుకున్న కొత్త పైథాన్ బదులు వేరే పైథాన్ పలుకుతుంది, అంతే. ఇలాంటివాటికి పోయిన ఆదివారాలు ఎవరూ తిరిగివ్వరు.

ఇదంతా చిరాకు మాత్రమే. చిరాకు మనదే కాబట్టి భరించొచ్చు. అసలు ప్రమాదం కమాండుల దగ్గరుంది.

లైనక్స్‌లో ఉండేవి గ్నూ వాళ్ళ కమాండులు, మాక్‌లో ఉండేవి బీఎస్‌డీ వంశానివి. పేర్లు ఒకటే, నడత వేరు. సెడ్‌నే తీసుకోండి. ఫైలుని అక్కడికక్కడే మార్చమని మైనస్ ఐ ఇస్తే, పాత కాపీకి తోకగా ఏం తగిలించాలో చెప్పడం గ్నూలో ఐచ్ఛికం, మాక్‌లో తప్పనిసరి. లైనక్స్ అలవాటు కొద్దీ మైనస్ ఐ, మైనస్ ఈ అని పక్కపక్కన కొట్టి, ఆ పైన మార్పు రాశారనుకోండి. లైనక్స్‌లో చెప్పినట్టు చేస్తుంది. మాక్‌లోనూ చేస్తుంది, కానీ "మైనస్ ఈ"నే తోకగా అనుకుని, అసలు ఫైలు పేరు చివర ఆ తోకతో పాత కాపీ ఒకటి పక్కన పడేస్తుంది. ఫైల్లో పాస్‌వర్డ్ మారుద్దామని చేస్తే, పాత పాస్‌వర్డ్‌తో ఒక కాపీ డైరెక్టరీలో నిక్షేపంగా కూర్చుంటుంది. తర్వాత ఎవరో "అన్నీ గిట్‌లో కలిపెయ్" అంటారు.

దీనికి చాలామంది కనిపెట్టిన ఉపాయం, మాక్ మీద హోమ్‌బ్రూతో గ్నూ కమాండులు దించుకుని, వాటిని పాత్‌లో ముందు పెట్టుకోవడం. ఇక అన్నిచోట్లా సెడ్ అంటే ఒకటే సెడ్, డేట్ అంటే ఒకటే డేట్. వినడానికి ఎంత బాగుందో!

కొన్నేళ్ళ కిందట నేనున్న ఒక ప్రాజెక్టులో జరిగింది చెబుతాను, ఊరూ పేరూ వద్దు. మా న్యూజెర్సీ టీములో ఒక సీనియరు ఉండేవాడు, చేయి తిరిగినవాడు. తన చుక్క ఫైళ్ళంటే ఆయనకి పంచప్రాణాలు. ఆయన మాక్‌లో ఉపాయం సరిగ్గా ఇదే. నిన్నటి తేదీ పేరుతో ఉన్న పాత రిపోర్టుల డైరెక్టరీని చెరిపేసే చిన్న స్క్రిప్టొకటి రాశాడు. నిన్నటి తేదీ ఏమిటో డేట్ కమాండుని మైనస్ డీ ఇచ్చి అడగడం, వచ్చిన జవాబుని ఒక వేరియబుల్‌లో పెట్టడం, రిపోర్టుల డైరెక్టరీ పేరు చివర ఆ వేరియబుల్ తగిలించి మొత్తం చెరిపెయ్యడం. మూడే లైన్లు. రోజూ నడిపేవాడు. తను సెలవు మీద వెళ్తూ హైదరాబాదు టీముకి అప్పజెప్పాడు. అక్కడి కుర్రాడిదీ మాకే, కానీ కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉన్న మాక్. బీఎస్‌డీ డేట్‌కి "మైనస్ డీ నిన్న" అంటే తెలియదు. నన్ను ఇలా వాడాలి అని రెండు మూడు లైన్లు గొణిగి ఊరుకుంది. వేరియబుల్ ఖాళీ. మూడో లైనుకి వచ్చేసరికి చెరపమన్న చోటు, అందరూ పంచుకునే రిపోర్టుల డైరెక్టరీ మొత్తం.

బ్యాకప్ ఉంది కాబట్టి ఒక రాత్రీ ఒక పగలూ పట్టినా డేటా వెనక్కొచ్చింది. నివేదికలో మాత్రం "ఆపరేటర్ పొరపాటు" అని రాశారు. ఆ లైనునే రెండు లాప్‌టాపుల మీదా పక్కపక్కన నడిపిస్తే సంగతి తేలింది. అందరూ మెయిల్లో ఒప్పుకున్నారు కూడా. నివేదిక ఎవరూ మార్చలేదు.

"అది స్క్రిప్టు రాయడం చేతకాక, చుక్క ఫైళ్ళనంటావేం?" అని అడగొచ్చు. నిజమే, వేరియబుల్ ఖాళీ అయితే ఆగిపొమ్మని రెండక్షరాలు ఎక్కువ రాసుంటే అంత దూరం వెళ్ళేది కాదు. కానీ ఆ రెండక్షరాల అవసరం ఆయనకి ఎప్పటికీ కనబడలేదన్నది చూడండి. ఆయన మెషీన్ మీద ఆ లైను ఒక్కసారి కూడా తప్పలేదు. చుట్టూ అంతా తనకి అనుకూలంగా సర్దిపెట్టుకున్నవాడికి బయట ఎండ ఎంతుందో తెలియదు. పైగా ఆ సర్దుబాటు కనబడదు, దాని పేరులోనే చుక్కుంది. కుర్రాడికిచ్చిన కాయితంలో స్క్రిప్టు ఉంది గానీ, ఆ స్క్రిప్టు నిలబడిన నేల లేదు.

అందుకే ఉన్న కమాండు పేరుని ఇంకో అర్థానికి తిప్పే ఏలియాసులన్నా నాకు పడదు. వీటిలో ముసలి ఉదాహరణ ఆర్‌ఎమ్. రెడ్‌హ్యాట్ కుటుంబంలో రూట్ ఖాతా బాష్‌ఆర్‌సీలో ఆర్‌ఎమ్, సీపీ, ఎమ్‌వీ మూడిటికీ మైనస్ ఐ తగిలించి ఇస్తూ వచ్చారు, చెరిపేముందు "నిజంగానా?" అని అడిగేలా. ఉద్దేశం మంచిదే. కానీ ఆ ప్రశ్నకి అలవాటుపడ్డ చెయ్యి ఏం నేర్చుకుంటుంది? ముందు కొట్టేద్దాం, అది అడుగుతుందిగా, అప్పుడు ఆలోచిద్దాం అని. ఆ చేతితోనే ఉబుంటు రూట్‌లోకి వెళ్తే అక్కడ ఎవరూ అడగరు. అడిగే ఆర్‌ఎమ్ కావాలంటే దానికి ఇంకో పేరు పెట్టుకోండి. ఆ పేరు లేనిచోట "అలాంటి కమాండు లేదు" అని వస్తుంది, ఏ నష్టమూ లేదు. కొత్త పేరు లేకపోతే తెలుస్తుంది, పాత పేరు అర్థం మారిపోతే తెలియదు. నా వాదనంతా ఈ తేడా మీదే.

రహస్యాల సంగతి మీ అందరికీ తెలిసిందే, కాబట్టి పొడుగ్గా చెప్పను. క్లౌడ్ తాళాలూ, డేటాబేసు పాస్‌వర్డులూ ఎక్స్‌పోర్ట్ అని రాసుకోవడానికి బాష్‌ఆర్‌సీ కన్నా చేతికందే చోటు లేదు. అదే ఫైలు అన్ని మెషీన్లకీ అందాలని గిట్‌హబ్‌లో పెడితే, బహిరంగంగా ఉన్న రిపోల్లో తాళాల కోసం వెతకడమే పనిగా పెట్టుకున్న ప్రోగ్రాములున్నాయి. మర్నాడు ఆ లైను చెరిపేసినా చరిత్రలో ఉంటుంది, గిట్ ఉన్నదే అందుకు. పోయిన తాళాన్ని చెరపడం కాదు, మార్చాలి. పైగా అవి మన తాళాలు కావు, క్లయింటువి. మన వీసాల బతుకులకి ఆ గొడవ అస్సలొద్దు.

తెలుగువాళ్ళం కాబట్టి లొకేల్ గురించి కూడా చెప్పాలి. మనకి ఫైళ్ళ పేర్లు తెలుగులో పెట్టుకునే సరదా ఉంటుంది, అందుకని చుక్క ఫైల్లో లాంగ్, ఎల్‌సీ_ఆల్ లాంటివి ఖరారు చేసేస్తాం. ఎల్‌సీ_ఆల్ అనేది మిగతా అన్నిటి నోరూ మూయించే పెద్దమనిషి. మన ఫైల్లో పేరు రాసిన లొకేల్ ఆ సర్వర్ మీద తయారై లేకపోతే ప్రతి ప్రోగ్రామూ ఒక హెచ్చరిక గొణుగుతుంది, తెలుగు పేర్ల బదులు ప్రశ్నార్థకాలో అంకెలో వస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ వీటిని తనతోపాటు మోసుకుపోతుంది కూడా. మాక్‌లో ఒక్కోసారి ఎల్‌సీ_సీటైప్ విలువ ఉట్టి "యూటీఎఫ్-8" అని ఉంటుంది. మాక్‌కి అది చెల్లుతుంది, లైనక్స్‌లో ఆ పేరుతో లొకేలే లేదు. ఇంతకన్నా చాటుమాటు దెబ్బ సార్ట్‌ది: సీ లొకేల్‌లో పెద్దక్షరాలన్నీ ముందొస్తాయి, అమెరికా ఇంగ్లీషు లొకేల్‌లో చిన్నా పెద్దా కలిసిపోతాయి. ఒకచోట సార్ట్ చేసిన ఫైలుని ఇంకోచోట కామ్‌తోనో జాయిన్‌తోనో పోలిస్తే లైన్లు తప్పిపోతాయి. భాష ఎంచుకోవడం మన ఇష్టమే, కానీ ఏవేం లొకేళ్ళు ఉన్నాయో అది ఆ మెషీన్ సంగతి.

అన్నట్టు, మన ఐత్వానికి ఇందులో ఒక ప్రత్యేకమైన కష్టముంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే అక్షరంగానూ రాయొచ్చు, ఎత్వమూ దాని కింద వేలాడే ముక్కా అని రెండుగానూ రాయొచ్చు, రెండూ సమానమే. లైనక్స్ మనం ఎలా ఇస్తే అలా దాస్తుంది. మాక్ పాత ఫైల్‌సిస్టం హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ పేర్లని విడగొట్టి దాచేది. అంటే "కైకలూరు" అని పేరు పెట్టిన ఫైలు లైనక్స్ నుంచి మాక్‌కెళ్ళి తిరిగొస్తే, కంటికి అదే కైకలూరు, బైట్లు వేరు. కోనసీమకి ఈ కష్టం లేదు. 2017లో మాక్‌కి వచ్చిన ఏపీఎఫ్‌ఎస్ ఇచ్చిన పేరుని ఇచ్చినట్టే ఉంచుతుంది. గిట్‌లో దీనికోసమే ప్రీకంపోజ్‌యూనికోడ్ అని మాక్‌లో మాత్రమే అర్థమున్న సెట్టింగొకటుంది. ఇడ్లీ రేకుల్లో కలిసిపోయిన మిక్సీ అంటే అదీ.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇవన్నీ తెలిసినవాళ్ళ జవాబొకటుంది: "ఒకే ఫైల్లో యూనేమ్‌తో సిస్టం పేరు కనుక్కుని, ఇది డార్విన్ అయితే అలా, లైనక్స్ అయితే ఇలా అని రాసుకో." నాలుగు లైన్లకి బాగానే ఉంటుంది. కానీ సిస్టం పేరు మనకి కావలసిన జవాబు చెప్పదు. 2020లో ఆపిల్ సొంత చిప్పులతో మాకులొచ్చాక, హోమ్‌బ్రూ మామూలుగా కూర్చునే చోటు /యూఎస్‌ఆర్/లోకల్ నుంచి /ఆప్ట్/హోమ్‌బ్రూకి మారింది. పాత ఇంటెల్ మాక్‌ల మీద మాత్రం పాతచోటే. యూనేమ్‌ని అడిగితే రెండూ డార్వినే అంటుంది. డబ్ల్యూఎస్‌ఎల్‌ని అడిగితే లైనక్స్ అంటుంది, పాత్ నిండా మామూలుగా విండోస్ డైరెక్టరీలుంటాయి. అందుకని "నువ్వెవరు" అని కాదు, "ఈ డైరెక్టరీ ఉందా, ఈ కమాండుందా" అని అడగాలి. ఉంటే వాడుకో, లేకపోతే నోరు మూసుకుని ముందుకెళ్ళు. నోరు మూసుకోవడం నిజంగానే ముఖ్యం. బాష్‌ఆర్‌సీలో స్వాగతం అనో వాతావరణం అనో ఏదైనా అచ్చు వేయిస్తే, దూరం నుంచి ఎస్‌సీపీతో ఫైలు పంపేటప్పుడు ఆ మాటలు మధ్యలో దూరి పంపకం పాడవుతుంది.

నా మటుకు నేను చేసేది ఇంతే. అన్నిచోట్లా పంచుకునే ఫైలు ఒకటి, స్క్రీన్ మీద ఒకటిన్నర పేజీ దాటనివ్వను. అందులో హిస్టరీ, ఎడిటర్, నేను కొత్తగా పెట్టుకున్న పొట్టి పేర్లు, అంతే. ప్రాంప్ట్ రాసే పద్ధతి బాష్‌కీ జెడ్‌షెల్‌కీ వేరు కాబట్టి దానికి చెరొక ఫైలు. పాత్, లొకేల్, తాళాలు మెషీన్‌కొక ఫైల్లో, అది గిట్‌లోకి వెళ్ళదు, ఆ లాప్‌టాప్ తిరిగిచ్చేసిన రోజు దాంతోనే పోతుంది. గిట్ కూడా విండోస్‌లో ఈ ఫైళ్ళ లైన్ల చివర క్యారేజ్ రిటర్న్ చేర్చకుండా ఎల్‌ఎఫ్ అని గట్టిగా కట్టేసి ఉంచుతాను. పదిమంది ఒకే ఖాతాతో లాగినయ్యే సర్వర్లలో చుక్క ఫైళ్ళు ముట్టుకోను, అది నా ఇల్లు కాదు.

ఇక ఇంకొకళ్ళకి ఇచ్చే ప్రతి స్క్రిప్టునీ, కాయితంలో రాసే ప్రతి కమాండునీ ముందు ఖాళీ షెల్‌లో నడిపి చూస్తాను. ఎన్వ్‌కి మైనస్ ఐ ఇచ్చి, బాష్‌ని నోప్రొఫైల్, నోఆర్‌సీ అని రెండు గుర్తులతో పిలిస్తే, నా సర్దుబాట్లేవీ లేని బోడి షెల్ వస్తుంది. అది కూడా నా మెషీన్ మీద బోడి షెల్లే కాబట్టి, వీలైతే వాళ్ళ సిస్టం మీద ఒకసారి నడిపించమని అడుగుతాను, చెరిపే లైను బదులు "ఏం చెరపబోతున్నావో చెప్పు" అనే లైను పెట్టి. హైదరాబాదు వాళ్ళకి పొద్దున్న, మనకి రాత్రి భోజనాల వేళ. ఫోన్లో పది నిమిషాలు పడుతుంది.